అంగుళం తేడా

పిల్లలూ, మీరు చొక్కా కుట్టించుకోవటానికి వెళితే దర్జీ ఏం చేస్తాడు? మెడలో ఉన్న టేపు తీసి మీ భుజమూ, ఛాతీ, చెయ్యీ కొలుస్తాడు. మరి సైకిలు కొనటానికి వెళ్ళినప్పుడు మిమ్మల్ని ఎవరైనా కొలిచారా? కొలిచి ఉండరు. దుకాణంలో ఉన్నదాని మీద ఎక్కించి, కాలు నేలకు అందుతున్నదా లేదా అని చూసి, "రెండేళ్ళు పోతే సరిపోతుందిలే!" అని ఇంటికి తెచ్చి ఉంటారు. సైకిలును కూడా కొలత ఇచ్చి చేయించుకోవచ్చునని నాకూ నిరుటిదాకా తెలియదు. అది తెలుసుకునే లోపల మా మేనల్లుడి చెయ్యి విరిగింది.

నేనుండేది నంద్యాల. మా అక్కవాళ్ళది ఆళ్ళగడ్డ. బస్సులో 40 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. శిరివెళ్ళ దాటి ఆళ్ళగడ్డ చేరితే, రోడ్డు పక్కన రాతి నందులూ, వినాయకులూ, సగం చెక్కిన దేవతలూ వరసగా కనిపిస్తారు. ఉలి చప్పుడు వినపడని పూట ఆ ఊళ్ళో ఉండదు. మా బావ అక్కడ ఒక శిల్పశాలలో పని చేస్తాడు. వాళ్ళ అబ్బాయికి 13 ఏళ్ళు. వాడు ఫోనులో 2024 పారిస్ ఒలింపిక్సు చూశాడు. చూసిన దగ్గరనుంచీ వాడికి ఒకటే ధ్యాస: చిన్న చక్రాల సైకిలు మీద గాలిలోకి లేచి, గిర్రున తిరిగి, మళ్ళీ చక్రాల మీదనే నేలకు దిగాలి!

ఆ సైకిలును బీఎంఎక్స్ అంటారు. బైసికిల్ మోటోక్రాస్ అన్నమాట. దాన్ని పుట్టించింది పెద్దవాళ్ళు కాదు, మీవంటి పిల్లలే. అమెరికాలో 1963లో 20 అంగుళాల చక్రాలతో స్టింగ్‌రే అనే పిల్లల సైకిలు వచ్చింది. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా పిల్లలు మట్టిదిబ్బల మీద మోటారు సైకిళ్ళ పందాలు చూసి, ఆ చిన్న సైకిళ్ళతో తామూ అలాగే ఎగరసాగారు. సైకిళ్ళు ఊరుకుంటాయా? విరిగాయి. అప్పుడు గ్యారీ టర్నర్ అనే ఆయన తన కొడుక్కోసం స్వయంగా ఒక ఫ్రేము చేశాడు. ఆయన పందెపు కార్లకు చట్రాలు అతికే పనివాడు. కార్లకు వాడే గట్టి ఉక్కు గొట్టాలనే సైకిలుకూ వాడాడు. అది చూసి తక్కిన పిల్లలూ తమకూ కావాలన్నారు. చివరకు అదే జీటీ అనే పెద్ద సైకిళ్ళ కంపెనీ అయింది. 2008లో బీజింగులో ఈ సైకిళ్ళ పరుగుపందెం ఒలింపిక్సులోకి వచ్చింది. గాలిలో విన్యాసాల పోటీ టోక్యో ఒలింపిక్సులో, అంటే 2021లో, మొదలయింది. ఆ పోటీలో ఇంగ్లండు అమ్మాయి షార్లట్ వర్దింగ్టన్ మొదటిసారి ఎగిరి కిందపడింది. రెండోసారి అదే విన్యాసం చేసి బంగారు పతకం గెలిచింది. మావాడికి ఈ సంగతి కంఠతా వచ్చు. పడటం కూడా ఆటలో భాగమే అని వాదించటానికి దాన్ని వాడుకునేవాడు.

నేను గ్యారీ టర్నరు కథ విని ఉత్సాహపడ్డాను. మనమూ చేయించలేమా? నంద్యాలలో కిటికీలూ, గేట్లూ చేసే ఒక వెల్డింగు షాపుకు పోయి, మేస్త్రికి ఫోనులో ఒక ఫొటో చూపించి, "ఇట్లాంటిది, కొంచెం చిన్నది" అన్నాను. ఆ ఫొటోలో సైకిలు తొక్కేది ఆరడుగుల మనిషి. కొలతలు నేను ఇవ్వలేదు, ఆయన అడగలేదు. ఇళ్ళలో కరెంటు తీగలు పోనిచ్చే ఇనప గొట్టాలు నేనే కొనిచ్చాను. నాలుగు రోజుల్లో ఫ్రేము తయారయింది. ఎర్ర రంగు వేయించి, బస్సు వెనకసీటులో పెట్టుకుని, పెళ్ళికొడుకును తీసుకుపోయినట్టు ఆళ్ళగడ్డకు తీసుకుపోయాను.

అది 3 వారాలు తిరిగింది. ఒకరోజు వాడు రాతిపొడి కుప్ప మీదనుంచి దూకాడు. చక్రం నేలను తాకగానే ఫ్రేము ముందుభాగం తెగి వంగిపోయింది. వాడు హాండిలు పట్టుకునే ముందుకు పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

నేను వెళ్ళేసరికి చేతికి కట్టు వేసి ఉన్నది. మా అక్క నన్ను తిట్టలేదు. మంచినీళ్ళ చెంబు నా ముందు పెట్టి, "ఎవర్నడిగి చేయించినావు?" అన్నది. అంతే. ఆ సాయంత్రమంతా మళ్ళీ మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

తెగిన ముక్కను నంద్యాల తెచ్చి మేస్త్రికి చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "అన్నా, గేటు మీదనుంచి ఎవరూ దూకరు గదా!" అన్నాడు. ఆ మాటలో తప్పేమున్నది? ఆయన గేట్లు చేసే మనిషి. గొట్టం తెచ్చింది నేను, ఫొటో చూపించింది నేను.

ఇక్కడ మీరు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. చీపురుపుల్లలు మూడు తీసుకుని, కొసలు దారంతో కట్టి త్రికోణం చెయ్యండి. మూలలు పట్టుకుని నొక్కినా దాని ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చదరం కట్టి నొక్కితే అది పక్కకు ఒరిగిపోతుంది. అందుకే సైకిలు ఫ్రేములో త్రికోణాలుంటాయి. వెనకది నిజంగా త్రికోణమే. కాని ముందరిదాన్ని జాగ్రత్తగా చూడండి. హాండిలు దూరే చోట ఒక పొట్టి గొట్టం ఉన్నది, అవునా? దానితో కలిపి లెక్కపెడితే భుజాలు నాలుగు! కాబట్టి అది త్రికోణం వేషం వేసుకున్న చతుర్భుజం. ముందుచక్రం నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బంతా పొట్టి గొట్టాన్ని మెలిపెట్టాలని చూస్తుంది. దాని వెనకనే కిందికడ్డీ అతుకు ఉంటుంది. మావాడి ఫ్రేము తెగింది సరిగ్గా అక్కడే. అతుకు ఊడలేదు. అతుకు పక్కన, వెల్డింగు వేడికి దెబ్బతిన్న గొట్టమే పగిలింది.

మళ్ళీ వారం ఆ ముక్కను సంచిలో వేసుకుని ఆళ్ళగడ్డ వెళ్ళాను. బావ పనిచేసేచోట ఒక ముసలి ఆచారిగారు ఉన్నారు. ఆయన నా గోడు విని, "బొమ్మ గీసినావా, అప్పా?" అని అడిగారు.

"లేదు, తాతా. ఫొటో ఉండె."

"ఫొటో కన్ను చూసింది. గీత చెయ్యి గీసేది. చెయ్యి గీయంది ఉలికి తెలీదు," అని ఆయన ఎర్రమట్టి నీళ్ళలో దారం ముంచి, కొత్త రాతి మీద లాగిపట్టి వదిలారు. రాతి నడుమ సన్నని ఎర్రగీత పడింది. "మీ అంగుళం ఇనప స్కేలు మీద ఉంటాది. మా అంగుళం విగ్రహంలోనే ఉంటాది," అన్నారు.

ఆయన చెప్పింది ఇది. విగ్రహం ముఖం ఎంత పొడుగో అది ఒక తాళం. తాళాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కో భాగం అంగుళం. నవతాళ విగ్రహమంటే 9 తాళాలు, 108 అంగుళాలు. జానెడు విగ్రహమైనా, తాటిచెట్టంత విగ్రహమైనా ఆ లెక్క మారదు. అయితే వినాయకుడికీ, బాలకృష్ణుడికీ 5 తాళాలే. ఎందుకంటే పిల్లల ఒంటికి తల పెద్దది. "పెద్ద విగ్రహాన్ని కుదించి చెక్కితే పిల్లోడు రాడప్పా, పొట్టి పెద్దమనిషి వస్తాడు," అన్నారు ఆచారిగారు.

నేను చేయించింది సరిగ్గా అదే! ఆరడుగుల మనిషి సైకిలును కుదించి పిల్లవాడికిచ్చాను.

అప్పుడు శిల్పశాల గచ్చు ఊడ్చి, సుద్దముక్కతో సైకిలును నిలువెత్తున గీశాము. ముందు చక్రాలు. 20 అంగుళాల చక్రమని అందరూ అంటారు గాని, అందులో రెండు రకాలున్నాయి: టైరు కూర్చునేచోట అడ్డుకొలత ఒకదానికి 406 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 451. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. బీఎంఎక్స్ సైకిలుకు సాధారణంగా 406. ఆ సంగతి తెలియక ఒకసారి గీసి చెరిపాము. మావాడు చేతికట్టుతో పక్కన స్టూలు మీద కూర్చుని మేస్త్రీలాగా తప్పులు పట్టాడు.

కట్టు విప్పిన తరవాత వాణ్ణే కొలిచాము. మామూలు సైకిలుకైతే కాలి పొడుగు ముఖ్యం. బీఎంఎక్స్ మీద మనిషి కూర్చోడు, పెడళ్ళ మీద నిలబడతాడు. సీటు ఊరికే మోకాళ్ళ మధ్య ఆనుకోవటానికే. కాబట్టి ముఖ్యమైన కొలత పైకడ్డీ పొడుగు. రెండు ఇటుకల మీద వాణ్ణి నిలబెట్టి, మోకాళ్ళూ మోచేతులూ కాస్త వంచమని, బావ ఒక వెదురుకర్రను హాండిలులాగా వాడి ముందు పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపాడు. "దగ్గర... దూరం... ఆఁ, అక్కడ!" అన్నాడు వాడు. అక్కడ గచ్చు మీద గుర్తు పెట్టాము.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి చెబుతాను. అయిదడుగుల వాడికి పైకడ్డీ సుమారు 20 అంగుళాలుంటే సరిపోతుంది. ఆరడుగుల వాడికి సుమారు 21. మనిషిలో అడుగు తేడాకు సైకిలులో తేడా అంగుళమే! మావాడు అయిదడుగులున్నాడు. బావ పొడగరి. వాడూ పెరుగుతాడు. 20 కావాలని వాడు, 21 ఉండాలని బావ పట్టుబట్టారు. 20న్నర దగ్గర రాజీ కుదిరింది. హాండిలు గొట్టం వాలు 75 డిగ్రీలు. పాతకాలపు పెద్ద సైకిళ్ళకు అది 67, 68 డిగ్రీలుంటుంది, అందుకే అవి నిదానంగా, నిబ్బరంగా పోతాయి. గొట్టం నిటారుగా ఉన్నకొద్దీ సైకిలు చప్పున తిరుగుతుంది. పెడళ్ళ ఇరుసునుంచి వెనకచక్రం ఇరుసుకు 13న్నర అంగుళాలు.

ఆ బొమ్మను కాగితం మీదికి ఎక్కించి, వేరే రాష్ట్రంలో సైకిలు ఫ్రేములే చేసే ఒకాయనకు పంపాము. డబ్బు పంపమంటాడనుకుంటే ఎదురు ప్రశ్నలు పంపాడు! తొక్కేవాడి బరువెంత? ఇరుసు లావెంత? బ్రేకు పెట్టుకునే మేకులు కావాలా, వద్దా? ఈ సైకిళ్ళు తొక్కేవాళ్ళలో చాలామంది బ్రేకులు పెట్టుకోరట. ఆ ప్రశ్న నేను మా అక్కకు చదివి వినిపించాను. మా అక్క రెండు నెలల తరవాత ఈ విషయంలో నోరు విప్పింది. "బ్రేకు లేని బండి నా వాకిట్లోకి రాకూడదు. తలకు హెల్మెట్ లేకుంటే వాడూ రాకూడదు." ఆ రెండు షరతులూ అలాగే రాసి పంపాము.

గొట్టాలు క్రోమోలీ అనే ఉక్కుతో చేసినవి. అందులో చాలా భాగం ఇనుమే. సుమారు నూటికి ఒక పాలు క్రోమియం, అందులో అయిదో వంతు మాలిబ్డినం, కొద్దిగా కార్బనూ ఉంటాయి. ఆ చిటికెడు దినుసులకే అది మామూలు మెత్తని ఉక్కుకంటే సుమారు ఒకటిన్నర రెట్లు బలంగా ఉంటుంది. అందువల్ల గొట్టాన్ని పలచగా చెయ్యవచ్చు. అదీ అంతటా ఒకే మందం కాదు. అతుకు పడే కొసల దగ్గర మందం, నడుమ పలచన. అతకటానికి కూడా కరిగిపోయే వెల్డింగు పుల్ల వాడరు. కరగటానికి సుమారు 3,400 డిగ్రీల వేడి కావలసిన టంగ్‌స్టన్ సూదితో నిప్పు పుట్టించి, గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ వాయువు వదులుతారు. ఇంత చేసిన ఫ్రేము బరువు రెండు కిలోల పైచిలుకు మాత్రమే. దాని ఖర్చెంతో ఇక్కడ రాయను. ఈ పత్రిక మా ఇంట్లో ఇంకొకరు కూడా చదువుతారు.

మూడు నెలలకు అట్టపెట్టె వచ్చింది. మావాడు వెంటనే చక్రాలు బిగించమని గంతులు వేశాడు గాని, బావ ఒప్పుకోలేదు. గచ్చు మీద మళ్ళీ బొమ్మ గీసి, ఫ్రేమును దాని మీద పడుకోబెట్టాడు. గీతకు గీత సరిపోయింది. వాడు తన జామెట్రీ పెట్టెలోని కోణమానిని పెట్టి చూసి, "75!" అని అరిచాడు. ఆచారిగారు ఉలి పక్కన పెట్టి, దారం పట్టుకుని వచ్చారు. వెనకచక్రం ఇరుసు కూర్చునేచోట ఒక కొస కట్టి, దారాన్ని ముందరి పొట్టి గొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపు ఇరుసు దగ్గరకు లాగి బిగించారు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం అటు ఎంతో ఇటూ అంతే ఉండాలి. లేకపోతే ఫ్రేము వంకర అన్నమాట. మా వాడు రెండువైపులా స్కేలు పెట్టాడు. అటు ఎంతో ఇటూ అంతే.

"శిల్పమే," అన్నారు ఆచారిగారు. ఆయన నోట ఆ మాట రావటం నేనెప్పుడూ వినలేదని బావ తరవాత చెప్పాడు.

నంద్యాలలో ఒక పాత సైకిలు షాపులో చక్రాలూ, గొలుసూ బిగించాము. ఆళ్ళగడ్డకు తిరిగి వచ్చేసరికి సాయంకాలమయింది. వాడు హెల్మెట్ పెట్టుకుని సైకిలు ఎక్కబోయాడు. మా అక్క వచ్చి ముందు తాను హాండిలు పట్టుకున్నది. సైకిలును నాలుగడుగులు నెట్టి బ్రేకు నొక్కింది. ఆగింది. మళ్ళీ నెట్టి నొక్కింది. మూడోసారి కూడా నొక్కి చూసి, అప్పుడు చెయ్యి తీసింది.