గీత దాటని ప్రేక్షకులు

నూజివీడు పేరు వినగానే ఎవరికైనా మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఆ మామిడి సీమలోనే, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్నది చాట్రాయి మండలం. 2022 ఏప్రిల్‌లో ఇది కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరింది. సంక్రాంతి రోజులలో ఇటు వస్తే చెట్లకు పండ్లు కనబడవు, పూత కనబడుతుంది. బంగినపల్లి, రసాలు, కలెక్టరు ఏ తోట చూసినా అంతే. పూత నిలుస్తుందా, తేనెమంచు పురుగు పడుతుందా అన్న దిగులు రైతుల ఇండ్లలో ఉంటుంది. ఆ దిగులును కొంచెంసేపు మరిపించేది కబడ్డీ ఆట.

మన పెద్దలు చెడుగుడు అని పిలిచిన ఈ ఆట 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల పోటీ అయ్యింది. 2010లో గ్వాంగ్‌జౌలో స్త్రీలకు కూడా పోటీ పెట్టగా మన దేశపు అమ్మాయిలు బంగారు పతకం తెచ్చారు. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక ఆట టీవీకెక్కింది. అయినా పల్లెలో దీనికి కావలసింది కొంచెం మెత్తని నేల, సున్నపు గీతలు, జట్టుకు ఏడుగురు మనుషులు. అంతే.

మేము ఆటగాళ్ళకంటె జనాన్నే ఎక్కువగా గమనించాము. ముందు వరుసలో పిల్లలు, వెనుక కుర్చీలలో పెద్దలు, ట్రాక్టరు తొట్టిమీద కుర్రవాళ్ళు. కూతకు వెళ్ళినవాడు ఒకే ఊపిరిలో, ఆపకుండా 'కబడ్డీ, కబడ్డీ' అంటూ ఉండాలి. ఆ కూత అంపైరు చెవిని పడాలి. జనం మరీ గోల చేస్తే కూత ఆగినదీ లేనిదీ ఆయనకు తెలియదు. జనం ముందుకు తోసుకువస్తే సున్నపు గీత కాళ్ళక్రింద చెరిగిపోతుంది. గీత చెరిగితే తగాదా మొదలవుతుంది. అందుకే ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకొని, "వెనక్కి జరగండర్రా, ఆట వాళ్ళది, మనది కాదు" అంటూ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అంపైరుకంటె ఆయనకే పని ఎక్కువ!

ఆట ఉన్నచోట తిండి ఉండవలసిందే. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, తేగల కట్టలు, చెరకు ముక్కలు, వేడివేడి పుణుగులు, మిరపకాయ బజ్జీలు, గోళీసోడా. అమ్మేవారిలో స్త్రీలే ఎక్కువ. జనం మర్యాదగా ఉంటే వారి గంపలు చీకటి పడకముందే ఖాళీ అవుతాయి. తాగి కేకలు వేసేవారు చేరితే ముందుగా తల్లులు పిల్లలను తీసుకొని ఇంటికి వెళ్ళిపోతారు, వారి వెనుకనే గంపలూ లేచిపోతాయి.

అమెరికాలోని మన తెలుగు విద్యార్థులు కూడా ఇటువంటి సందడి చూస్తూనే ఉంటారు. అక్కడ కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీ 1869లో మొదలయింది. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. ఆటకు ముందు కార్లు నిలిపినచోటనే పొయ్యిలు పెట్టి మాంసం కాల్చి, ముక్కూమొహం తెలియనివారికి కూడా పెడతారు. తాగుడు, దూషణలు అక్కడా తలనొప్పే. దేశమేదైనా గుంపు గుంపే.

మన వైపున ఇంకొక ప్రమాదం ఉన్నది. పండుగకు కబడ్డీ ఒక ప్రక్క, కోడిపందెం మరొక ప్రక్క పిలుస్తాయి. కోళ్ళను పోరాడించడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పందెం కాయడాన్ని 1974 నాటి రాష్ట్ర జూద చట్టం నిషేధించాయి. అయినా ఆగలేదు. పూతమీదనే తోటను గుత్తకిచ్చి బయానా తీసుకునే రైతులున్నారు. ఆ డబ్బులోనే ఎరువు అప్పు, పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు ఉన్నాయి. కోడి కాలికి కత్తి కట్టిన కొద్ది నిమిషాలలో అది చేతులు మారవచ్చు. కాయ ఇంకా పిందె కాకముందే ఫలం పోయినట్టే గదా!

కాబట్టి తండ్రులారా, ఈసారి పండుగకు పిల్లల చెయ్యి పట్టుకొని కబడ్డీకి వెళ్ళండి. గుప్పెడు వేరుశనగకాయలు కొనిపెట్టండి. తొక్కలు నేలమీద వేయనివ్వకండి, ఆ బడి ఆవరణ రేపు ఊడ్చేది వాళ్ళే. పొరుగూరి జట్టు బాగా ఆడితే మీరే ముందుగా చప్పట్లు కొట్టండి. ఆటగాడు గీత దాటితే అంపైరు ఈల వేస్తాడు. మనం దాటితే ఈల వేసేవారుండరు, ప్రక్కన కూర్చున్న మన పిల్లవాడు మాత్రం చూస్తూ ఉంటాడు.