అడుగు లోతున ఉన్న తేడా

ఏప్రిల్ 14, చీనీ తోట, అనంతపురం జిల్లా
మధ్యాహ్నం రెండు. సాళ్ల మధ్య ఎర్రమట్టి పైన 57 డిగ్రీలు, అడుగు లోతున 35. రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని వేడిచేస్తే పక్కనున్న అయస్కాంత ముల్లు కదలడం 1821లో శాస్త్రవేత్త సీబెక్ చూశాడు. వేడి తేడాతో కరెంటు పుట్టే ఆ సూత్రం మీదే పనిచేసే బిస్మత్ టెలురైడ్ బిళ్ల ఇప్పుడు నా చేతిలో ఉంది. పైన నల్లరంగు వేసిన అల్యూమినియం రేకు, కింద భూమిలోకి దిగే కడ్డీ, మధ్యలో ఈ బిళ్ల. మట్టిలో పదును ఎంతుందో చెప్పే సెన్సరుకు ఇదే కరెంటు ఇవ్వాలి.

ఏప్రిల్ 15, తెల్లవారుజాము
పైన 26, కింద అదే 35. ఇప్పుడు వేడి కింది నుంచి పైకి వస్తోంది. ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. వోల్టేజీ పెంచే ఎల్‌టీసీ3109 చిప్‌కు ఏ దిశైనా ఒకటే, 30 మిల్లీవోల్టులు అందితే పని మొదలుపెడుతుంది. పొద్దునా సాయంత్రం తేడా సున్నా అయ్యే సమయం ఒకటుంటుంది. ఆ కాసేపటికి సూపర్ కెపాసిటర్‌లో దాచుకున్నది సరిపోవాలి.

ఏప్రిల్ 22
మధ్యాహ్నం పైకీ లోపలికీ ఉండే ఆ 22 డిగ్రీల తేడా అంతా బిళ్లకు దక్కదు. ఎండిన మట్టి వేడిని తొందరగా లాక్కోదు, అతుకు అతుకుకీ కొంత పోతుంది. బిళ్ల రెండు వైపులకీ మధ్య మిగిలేది మూడు డిగ్రీలు. 127 జంటల బిళ్ల డిగ్రీకి సుమారు 50 మిల్లీవోల్టులిస్తుంది కాబట్టి 150. లెక్కకు రెండు మిల్లీవాట్లు వస్తాయి, వోల్టేజీ పెంచేసరికి సగానికి పైగా పోతాయి. తేడా రెట్టింపైతే పవర్ నాలుగింతలవుతుంది. అందుకే బిళ్లలు పెంచేకన్నా కడ్డీని మట్టికి గట్టిగా ఆనించడం మీద శ్రద్ధ పెట్టాలి.

ఏప్రిల్ 23
ఖర్చు లెక్క. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్‌లో ఒక లోరా రేడియో కబురు పంపడానికి 0.2 జూల్ పడుతుందనుకుందాం. గంటకొకటి పంపితే సగటున 55 మైక్రోవాట్లు. మిగతా వేళంతా నిద్రపోవడానికి ఇంకో 30. మొత్తం వంద లోపే. ఇంత తక్కువ అడుగుతుంది కాబట్టే నేల దీన్ని పోషించగలుగుతోంది.

మే 6
చిన్నాయన అడిగాడు: "ఇంత ఎండ ఉంది కదప్పా, చిన్న సోలార్ పలక బిగిస్తే సరిపోదా?"
న్యాయమైన ప్రశ్న. ఆరుబయట అయితే పలకే నయం, ఇంతకన్నా ఎన్నో రెట్లు ఇస్తుంది. కానీ తోటలో దానికి గుంజ కావాలి. ట్రాక్టరు తగులుతుంది, కొమ్మల నీడ పడుతుంది, గట్టు మీంచి కనిపిస్తే ఎవరో ఎత్తుకుపోతారు. దుమ్ము పట్టిన పలక దిగుబడి పడిపోతుంది. నల్లరేకు మీద పడిన దుమ్మయితే అదీ ఎండకు కాగుతుంది. ఇది నేలకు సమంగా ఉండి, రాత్రి కూడా ఎంతో కొంత ఇస్తుంది. పైకి కనిపించేది చెట్టు మొదలుకు కట్టిన ఏంటెన్నా తీగ ఒక్కటే.

మే 20
ఇదే సూత్రంతో 1950లలో సోవియట్ పల్లెల్లో కిరసనాయిలు దీపం వేడితో రేడియోలు పలికాయి. 1977లో బయలుదేరిన వాయేజర్ అంతరిక్ష నౌకలకు ప్లుటోనియం వేడే ఆధారం. కదిలే భాగం లేని యంత్రం కాబట్టే మనిషి చేరలేని చోట్ల కూడా దాన్ని నమ్మారు.

మే 28, రోహిణి కార్తె
ఈ వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మా బిళ్లకు మాత్రం ఇవే పంట రోజులు.

జూన్ 12, మృగశిర
వాన పడింది. మబ్బు కింద పైకీ లోపలికీ నాలుగే డిగ్రీల తేడా. చిప్ లేవలేదు, కబుర్లు ఆగాయి.
దిగులు పడాల్సిన పని లేదని రాసుకుంటున్నాను. వాన పడిన మర్నాడు పదును సంగతి ఎవరికీ అంత అత్యవసరం కాదు. నేల ఎండి, చెట్టు వాడి, బోరులో మిగిలిన నీళ్లు ఏ సాలుకు పెట్టాలో తేల్చుకోవాల్సిన రోజుల్లోనే మట్టి కాగుతుంది, కరెంటు పుడుతుంది. అవసరమూ ఆదాయమూ ఒకే ఎండ నుంచి వస్తున్నాయి. కాబట్టి సెన్సరు ఎండను బట్టి మాట్లాడాలి: కాగే రోజుల్లో గంటకోసారి, మబ్బు రోజుల్లో కెపాసిటర్‌లో ఉన్నదాన్ని బట్టి రోజుకోసారి. ప్రోగ్రాం అలా మార్చాలి.

జూన్ 13
"నీళ్లు ఎప్పుడు పెట్టల్లో చెప్తాదా అది?" అన్నాడు చిన్నాయన.
అడుగు లోతున ఎంత పదునుందో చెబుతుంది, పెట్టాలో వద్దో ఆయనే తేలుస్తాడు. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ చెట్లను కాపాడుకున్న ప్రాంతమిది. ఇక్కడ ఒక తడి మిగిలినా అది పెద్ద ఆస్తే.