రెండో ఆట వదిలిన తర్వాత

మొన్న దసరా సెలవులకు గౌరిబిదనూరు వచ్చిన మా మేనల్లుడు తన ఫోనులో కొన్ని బొమ్మలు చూపించాడు. వాడు పనిచేసే కంపెనీవారు పదిమందిని కూడగట్టి థాయిలాండు దేశంలోని పట్టాయా అనే సముద్రతీరపు ఊరికి తీసుకొనిపోయారట. బొమ్మల్లో సముద్రం తక్కువ, దీపాలు ఎక్కువ. ఎరుపు, ఊదా, పచ్చ రంగుల అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్న వీథి ఒకటి. దాని పేరు వాకింగ్ స్ట్రీట్. పొద్దు గూకిన తర్వాత బండ్లను ఆపివేస్తారు, ఇక మనుషులు నడవటమే.

"మామా, నువ్వు ఒక్కసారైనా చూడాల" అన్నాడు.

"ఈ వయసులో మీ మామకు ఆ వీథి యెందుకురా?" అన్నది వంటింట్లోనుంచి మా ఇంటావిడ. అందరమూ నవ్వుకొన్నాము.

వాడు పోయిన తర్వాత ఆ ఊరి సంగతి కొంత చదివి చూచాము. ఒకప్పుడు అది చేపలు పట్టుకొనేవాళ్ళ పల్లె. 1959 ప్రాంతంలో అమెరికా సిపాయిలు కొందరు సెలవు గడపటానికి అక్కడికి వచ్చారట. వియత్నాం యుద్ధం ముదిరి, దగ్గరలోని ఉతపావ్‌లో అమెరికా యుద్ధ విమానాలు దిగే రోజుల్లో ఆ సిపాయిల జీతం డబ్బు ఆ ఇసుకలోనే కరిగిపోయేది. యుద్ధం ముగిసి సిపాయిలు పోయారు. వీథి పోలేదు. యూరోపువారు వచ్చారు, రష్యావారు వచ్చారు, చైనావారు వచ్చారు. 2020లో కోవిడ్ వచ్చి ఆ దీపాలన్నీ ఆరిపోయినవి. మళ్ళీ వెలిగేసరికి మనవాళ్ళు కావలసివచ్చారు. 2023 నవంబరులో భారతీయులు వీసా లేకుండానే రావచ్చునన్నారు. ఆ మరుసటి నెలలోనే, తెల్లవారుజాము నాలుగు గంటలవరకు తెరచి ఉంచుకోవచ్చునని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడు ఆ వీథిలో హిందీ పాటలు మోగే క్లబ్బులు ఉన్నవి.

మా తాలూకావారికి అంతదూరపు దీపాలు అక్కరలేకపోయినవి. మాకు మెజెస్టిక్ ఉండేది.

గౌరిబిదనూరునుంచి బెంగళూరు రైలులో రమారమి డెబ్బయి అయిదు కిలోమీటర్లు. ఆ మాత్రం దూరానికి టిక్కెట్టు డబ్బులు లేక మా తాలూకా హోసూరు పిల్లవాడొకడు 1935లో చదువుకోసం కాలినడకనే పోయాడు. ఆయనే తర్వాత నేషనల్ కాలేజీని నడిపిన హెచ్. నరసింహయ్యగారు. మేము అంత గొప్ప పనికి పోయినవాళ్ళం కాము. మేము సినిమాకు పోయేవారము. గుంతకల్లు, హిందూపురంనుంచి వచ్చే మీటరుగేజి బండిలో సాయంత్రానికి బెంగళూరు సిటీ స్టేషనులో దిగి, రోడ్డు దాటితే మెజెస్టిక్.

ఆ ప్రాంతానికి ఆ పేరు ఒక టాకీసువల్ల వచ్చింది. టాకీసు పోయి చాలా కాలమైనది, పేరు మాత్రం ఉండిపోయింది. ఈనాడు మెట్రో స్టేషనుకు సర్కారు పెట్టిన పేరు కెంపేగౌడ అయినా, అడిగేవారూ చెప్పేవారూ మెజెస్టిక్ అనే అంటారు. ఇప్పుడు బస్సులు నిలిచే చోటు పాతకాలపు ధర్మాంబుధి చెరువు. ఊరికి నీళ్ళిచ్చిన ఆ చెరువు ఎండి మైదానమై, మైదానం బస్టాండయింది. బెంగళూరు వీథుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. కెంపేగౌడ రోడ్డుమీద దీపాలు చూచిన మా అవ్వ మాత్రం ఆ దీపాలను పెట్టినవారు సినిమావాళ్ళేననుకొనేది. అట్లా అనుకోవటంలో పెద్ద తప్పేమీ లేదు. మెజెస్టిక్, సాగర్, కెంపేగౌడ, హిమాలయ, అలంకార్, గీత, స్టేట్స్, సంతోష్, నర్తకి, త్రివేణి, మేనక. ఒక టాకీసు వెలుగు ముగిసేచోట ఇంకొకదాని వెలుగు మొదలయ్యేది. 1968లో కపాలి వచ్చింది. పధ్నాలుగు వందలకు పైగా కుర్చీలు. మా ఊరి సంతలో అంతమంది కనబడితే అది పెద్ద సంత అనేవాళ్ళం.

బెంగళూరుకు రాత్రి సరదాలు రెండు వైపుల ఉండేవి. 1809లో తెల్లవారు దండు పెట్టిన కంటోన్మెంటు వైపు, సిపాయిల కోసం, దొరల కోసం పుట్టిన బ్రిగేడ్ రోడ్డు ఒకటి. పట్టాయాలాగే దానికీ మొదటి గిరాకి పటాలమే. రెండవది మా మెజెస్టిక్. బ్రిగేడ్ రోడ్డులో ఇంగ్లీషు రావాలి, బూట్లు ఉండాలి. మెజెస్టిక్‌లో చెప్పులు లేకపోయినా అడిగేవారు లేరు. కోలారు, చింతామణి, బాగేపల్లి, మధుగిరి, హిందూపురం, అందరూ అక్కడ కలిసేవారు. టిక్కెట్టు వరుసలో కన్నడంలో మొదలుపెట్టిన మాట ముందుకు జరిగేకొద్దీ తెలుగులోకి దిగేది. బ్లాకులో టిక్కెట్లు అమ్మేవాడు సైతం మనిషి ముఖం చూచి భాష మార్చేవాడు.

మా నాయన మండీలో చెనిక్కాయలు అమ్మిన వారం మాకు మెజెస్టిక్ వారం. అమ్మ చిత్రాన్నం కట్టేది. రెండో ఆట చూచి, తక్కిన రాత్రి స్టేషనులో గడిపి, తెల్లవారుజామున బండెక్కి వచ్చేవాళ్ళము. లాడ్జీలో దిగటమన్నది మా ఇంట ఎన్నడూ లేదు. లాడ్జీలంటే మా నాయనకు భయం. టాకీసులకు వెనుక ఉన్న సందుల్లో, లాడ్జీల మెట్ల దగ్గర, మూసిన అంగళ్ళ అరుగులమీద నిలబడి ఉండే ఆడవాళ్ళను చూచి, "ఆ పక్క చూడొద్దు" అని మాకు చెప్పి, తాను నేల చూచి నడిచేవాడు. కాబట్టి మెజెస్టిక్‌కు ఆ పక్క ఒకటి ఉన్నదని మాకు చిన్నప్పుడే తెలుసు. అది లేదన్నట్టు నడవటంకూడా అప్పుడే నేర్చుకొన్నాము.

1977లో రామారావుగారి దానవీరశూరకర్ణ వచ్చింది. దాదాపు నాలుగు గంటల బొమ్మ. రెండో ఆట వదిలేసరికి రాత్రి రెండు దాటింది. వందలమంది ఒక్కసారి బయటపడ్డారు. ఆ తోపులాటలో మా చెల్లెలి చెయ్యి మా చేతిలోనుంచి జారిపోయింది. దానికప్పుడు ఆరేళ్ళు. జనం పలచబడేసరికి అది లేదు. నాయన స్టేషను వైపు పరుగెత్తాడు, చిన్నాయన బస్టాండు వైపు. అమ్మ టాకీసు మెట్లమీద కూలబడి ఏడుస్తూ ఉన్నది. చెయ్యి వదిలినవాళ్ళం మేము. మాకు ఏడుపు కూడా రాలేదు.

అరగంట గడిచిందో, గంట గడిచిందో. సందులోనుంచి ఒక ఆమె వచ్చింది. చెల్లెలు ఆమె చంకలో ఉన్నది. చేతిలో సగం తిన్న బన్ను.

"ఈ పాప మీదేనాయమ్మా? లాడ్జి కాడ నిలబడి ఏడస్తా ఉండె. పోలీసోళ్ళ కాడికి పోతే నన్ను కూచోబెడతారని, ఒక్కొక్క టాకీసే చూసుకుంటా వస్తా ఉండా."

అది మా పక్క మాట. చింతామణి, బాగేపల్లి పక్కన తప్ప ఆ యాస వినబడదు. అమ్మ కళ్ళు తుడుచుకొని, "మీది ఏ ఊరమ్మా?" అన్నది.

ఆమె నవ్వి, "బెంగళూరే" అన్నది.

అంతలో నాయన వచ్చాడు. ఆమెను చూచాడు. పిల్లను తీసుకొన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోనుంచి ఒక నోటు తీసి చెయ్యి చాచాడు, ఆమె చేతికి తన చెయ్యి తగలకుండా. ఆమె తీసుకోలేదు. అమ్మ మాత్రం చిత్రాన్నం గిన్నె మూత తీసి, మిగిలినదంతా ఆకులో పెట్టి ఇచ్చింది. దాన్ని తీసుకొన్నది. "ఊరు చేరేదాంకా చెయ్యి ఇడిచిపెట్టద్దు" అని మాతో చెప్పి సందులోకి పోయింది. బండిలో నాయన మాట్లాడలేదు. అమ్మ ఒక్కసారే అన్నది: "పేరైనా అడగకపోతిమి." ఆ మాట మా ఇంట్లో తర్వాత చాలాసార్లు వినబడింది. నాయన ఉన్నంతకాలం మాత్రం ఆయన లేనప్పుడే.

తర్వాత మెజెస్టిక్ మారటం మాకు కొంచెం కొంచెంగా తెలిసింది. టీవీ ఇంటికి వచ్చింది. రైలు బ్రాడ్‌గేజి అయినది, ప్రయాణం తగ్గింది, అయినా పోవటమూ తగ్గింది. 2004లో ఇతర భాషల చిత్రాలు ఏడు వారాలు ఆగి రావాలని కర్ణాటక చలనచిత్ర వాణిజ్య మండలి పట్టుబట్టింది. కన్నడ చిత్రాలకు టాకీసులు దొరకకపోతే వారి బాధ వారిది. ఆ బాధలో అన్యాయమేమీ లేదు. ఈ నేల అన్నం తింటూ ఆ మాట కాదనలేము. కాని మా కుర్రవాళ్ళు ఏడు వారాలు ఆగే రకం కాదు. స్టేషనులో ఎదుటి ప్లాటుఫారం ఎక్కి, ఉత్తరంగా హిందూపురం పోయి చూచి వచ్చేవారు. ఒకసారి అలవాటైన దారి మళ్ళీ దక్షిణానికి తిరగలేదు. అదే యేడు కోరమంగల ఫోరం మాల్‌లో ఒక్క కప్పుకింద పదకొండు తెరలు వచ్చినవి.

టాకీసులు ఒక్కొక్కటే పోయినవి. అలంకార్ ఉన్నచోట అంగళ్ళ కట్టడం. హిమాలయ లేదు, గీత లేదు, సాగర్, కెంపేగౌడ లేవు. కపాలిని 2017లో కూలగొట్టారు. అక్కడ లేచిన మాల్‌లోని తెరలను చేపట్టింది తెలుగు నటుడు మహేశ్‌బాబు భాగస్వామిగా ఉన్న ఏ.ఎం.బి. సంస్థ. ఏడు వారాల తగాదా చూచిన మాకు ఆ వార్త చదివినప్పుడు నవ్వు వచ్చింది. మా మండీ వర్తకుడొకాయన "ఇక మనమే ఇంటివాళ్ళం" అన్నాడు. ఆ టిక్కెట్టు ధర ఆయన ఇంకా అడిగినట్టు లేదు.

టాకీసులు పోతే రాత్రి పోలేదు. సంసారులు మాత్రం రాత్రినుంచి తప్పుకొన్నారు. అదివరకు రెండు గంటలకు ఆట వదిలితే వీథినిండా చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్ళు, ఇడ్లీ బండ్లు, పూలమ్మేవాళ్ళు ఉండేవారు. వెలుగుకు ఆ పక్క ఉన్న ఆడవాళ్ళు కూడా ఆ జనంలో ఒక మూల ఉండేవారు, ఎవరైనా చెయ్యి చేసుకొంటే అరుపు వినేవారు నలుగురు ఉండేవారు. తర్వాత మిగిలినవి బార్లు, లాడ్జీలు. బ్యాండు పాటలు, నాట్యాలు జరిగే హోటళ్ళకు ప్రత్యేకమైన లైసెన్సు ఉండాలని నగర పోలీసులు 2005లో ఆజ్ఞ తెచ్చారు. కోర్టుల్లో చాలాకాలం నలిగి, అది చెల్లుతుందని 2018 జనవరిలో సుప్రీం కోర్టు తేల్చింది. ఆజ్ఞ మంచిదా చెడ్డదా అని మా ఊరి టీ అంగడిలో చాలా వాదించుకొన్నాము. ఆ హోటళ్ళలో పాడే, ఆడే ఆడవాళ్ళు ఏ ఊళ్ళనుంచి పోయినవాళ్ళో, పని పోతే ఎక్కడికి పోతారో, ఆ వాదంలో ఒక్కరమూ ఎత్తలేదు. 2020 మార్చిలో టాకీసులు మూతపడినప్పుడూ అంతే. ఆ అక్టోబరులో సగం కుర్చీలతో తెరవనిచ్చారు. ఒక తెర కలిగిన పాత టాకీసులు కొన్ని మళ్ళీ తెరుచుకోనేలేదు.

సొమ్మున్న రాత్రి ఇప్పుడు ఇందిరానగరం, కోరమంగలలకు పోయింది. 2024లో అక్కడి బార్లు, హోటళ్ళు ఒంటిగంటవరకు ఉండవచ్చునని సర్కారు అనుమతించింది. పిల్లలు అక్కడికే పోతారు. మెజెస్టిక్‌లో వాళ్ళు బండి మారటానికి దిగుతారు, అదీ నేలకింద. 2016, 2017లలో రెండు మెట్రో దారులూ అక్కడ కలిసిన తర్వాత, ఆకాశం చూడకుండానే మెజెస్టిక్ దాటిపోవచ్చు.

పోయిన సంవత్సరం ఒక పెళ్ళికి మా చెల్లెలితో బెంగళూరు పోయి, తిరిగి వచ్చేటప్పుడు బండికి ఇంకా వేళ ఉన్నదని మెట్లెక్కి పైకి వచ్చాము. దానికిప్పుడు మనవడు ఉన్నాడు. ఆ టాకీసు ఉన్నచోట సెల్‌ఫోను తొడుగులు, సూట్‌కేసులు అమ్ముతున్నారు. మేము కూలబడిన మెట్లు లేవు. సందు మాత్రం ఉన్నది. రాత్రి తొమ్మిదే అయినది, అంగళ్ళు సగం మూశారు. సందు మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె ఫోనులో ఎవరితోనో, పిల్లకు జ్వరం తగ్గిందా అని అడుగుతూ ఉన్నది, మా పక్క మాటలోనే.

మేము అలవాటుగా నేల చూచాము. చెల్లెలు చూడలేదు. అది నిలబడి ఆమె ముఖం చూచింది. ఆమె ఫోను దించి, "ఏమక్కా, దారి తప్పితిరా?" అన్నది.

"లేదమ్మా, స్టేషనుకే" అన్నది చెల్లెలు. "మీది ఏ ఊరు?"

"గుడిబండ కాడ" అన్నది ఆమె. గుడిబండ మా ఊరికి పక్కనే.

చెల్లెలు ఆమె పేరు అడిగింది. ఆమె చెప్పింది. పెళ్ళిలో ఇచ్చిన తాంబూలం సంచి చెల్లెలి చేతిలో ఉన్నది, దాన్ని ఆమెకు ఇచ్చింది. కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు, ఒక లడ్డు. ఆమె సంచి విప్పి చూచి, లడ్డును రెండో ఆమెతో పంచుకొన్నది.

హిందూపురం బండిలో కిటికీ పక్కన కూర్చొని చెల్లెలు అడిగింది: "అన్నా, ఆనాడు ఆమె కట్టుకొన్న చీర ఏ రంగు?"

మాకు జ్ఞాపకం లేదు. దానికీ లేదు. బన్ను ఒకటి జ్ఞాపకం ఉన్నదన్నది, పైన చక్కెర అద్దినది. దొడ్డబళ్ళాపురం దాటేసరికి నిద్రపోయింది.