వచ్చినవాడు ఏం ఉంచుకున్నాడు?

2015 జూలైలో ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ క్లాడియో రానియేరిని మేనేజర్‌గా తెచ్చుకున్నప్పుడు ఆ జట్టు అభిమానుల్లో చాలామందికి గుండె జారిపోయింది. అంతకు రెండు నెలల ముందే వాళ్ళు ఒక అద్భుతం చూశారు. నెలల తరబడి పట్టికలో అట్టడుగున పడి ఉన్న జట్టు, నైజెల్ పియర్సన్ ఆధ్వర్యంలో చివరి 9 ఆటల్లో 7 గెలిచి, కింది డివిజన్‌కు జారిపోకుండా ఒడ్డున పడింది. ఆ పియర్సన్‌ను జూన్ ఆఖరున పంపించేసి, ఆ కుర్చీలో రానియేరిని కూర్చోబెట్టారు. అంతకు ముందు ఏడాది నవంబరులో ఆయన శిక్షణలోని గ్రీస్ జట్టు సొంతగడ్డ మీద ఫారో దీవుల చేతిలో 1-0తో ఓడింది. మర్నాడే ఆయన ఉద్యోగం ఊడింది. లెస్టర్‌లో పుట్టి పెరిగి ఇంగ్లండ్‌కు ఆడిన గ్యారీ లినెకర్ అంతటివాడే ఈ ఎంపిక చూసి బాహాటంగా విస్తుపోయాడు.

హైదరాబాద్‌లో మా మిత్రబృందంలోనూ ఆ రాత్రి ఇదే పంచాయితీ. "గ్రీసోళ్ళే వద్దనుకున్న మనిషిని పట్టుకొచ్చిండ్రేందిరా" అని ఒకడు. "చెల్సీలో నాలుగేండ్లున్నడు, ఒక్క కప్పన్నా తెచ్చిండా?" అని ఇంకొకడు. ఆయన్ని వెనకేసుకొచ్చినవాళ్ళు కూడా పాత కాగితాలే తిరగేశారు. 2004లో చెల్సీని రెండో స్థానంలో నిలబెట్టాడు, 2014లో మొనాకోను కూడా రెండో స్థానానికి తెచ్చాడు, అనుభవం ఊరికే పోదు అన్నారు. ఎటువైపు వాళ్ళైనా పెళ్ళిసంబంధం వచ్చినప్పుడు అబ్బాయి గురించి వాకబు చేసినట్టు, ఇదివరకు ఎక్కడ చేశాడు, ఎందుకు మానేశాడు, చేతికి డబ్బిస్తే ఏం చేశాడు అని మాత్రమే ఆరా తీశారు. వాదన హోరాహోరీగా సాగింది. స్టీవ్ వాల్ష్ అనే పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు.

వాల్ష్ ఆ క్లబ్‌లో సహాయ మేనేజర్. ఆటగాళ్ళను వెతికి తెచ్చే విభాగానికి పెద్ద. ఫ్లీట్‌వుడ్ టౌన్ అనే చిన్న జట్టులో ఆడుతున్న జేమీ వార్డీ 2012లో, ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో ఉన్న రియాద్ మహ్రెజ్ 2014 జనవరిలో లెస్టర్‌కు వచ్చారంటే ఆ విభాగం చలవే. రానియేరి వచ్చిన వేసవిలోనే కాన్ జట్టు నుంచి ఎన్గోలో కాంటే కూడా చేరాడు. మనిషి పొట్టి, పెద్దగా పేరు లేదు. కానీ మైదానంలో బంతి ఎక్కడుంటే అక్కడ ప్రత్యక్షం.

రానియేరి చేసిన అతి పెద్ద పని వాల్ష్‌నూ, శిక్షణ చూసుకునే క్రెయిగ్ షేక్‌స్పియర్‌నూ కదపకపోవడం. తన మనుషుల్ని ఒకరిద్దరినే వెంట తెచ్చుకున్నాడు. ఇటలీ కోచ్ అనగానే వ్యూహాల పాఠాలతో చంపుతాడేమోనని ఆటగాళ్ళు జంకుతున్నారని గ్రహించి, ఆ పాఠాలు తగ్గించాడు. వాళ్ళ వేగాన్నీ, ఆకలినీ వాటి మానాన వదిలేశాడు. ఒక్క లోటు మాత్రం ఆయన్ని వేధించింది. జట్టు గెలుస్తోంది గానీ ప్రతి ఆటలోనూ ప్రత్యర్థికి గోల్ ఇస్తోంది. గోల్ ఇవ్వకుండా గెలిస్తే అందరికీ పిజ్జా పెట్టిస్తానన్నాడు. అక్టోబరులో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచారు. మాట ప్రకారం ఊళ్ళోని పిజ్జా దుకాణానికి తీసుకెళ్ళాడు. తీరా వెళ్ళాక, పిండి ఒత్తుకుని, పైన సాస్ పూసుకుని, ఎవరి పిజ్జా వాళ్ళే చేసుకోవాలన్నాడు! లక్షల పౌండ్ల జీతగాళ్ళు ఏప్రన్లు కట్టుకుని పిండిలో చేతులు పెట్టిన ఫొటోలు చూసినప్పుడు, ఈయన ఏ రహస్య వ్యూహమూ తేలేదని, ఉన్నవాళ్ళను ఒక్కచోట నిలబెట్టాడని నాకు మొదటిసారి తట్టింది. 2016 మే 2న, వెనకే తరుముకొస్తున్న టోటెన్‌హామ్ చెల్సీతో 2-2తో ఆగిపోవడంతో లెస్టర్ ఇంగ్లండ్ చాంపియన్ అయింది. సీజన్ మొదట్లో పందెం కాయించేవాళ్ళు దీనికి ఇచ్చిన రేటు ఒకటికి 5000.

ఇంత జరిగాక, ఆ జూలై రాత్రి అనుమానించినవాళ్ళను చాలామంది ఎగతాళి చేశారు. నాకది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. వాళ్ళు చెప్పినవి అబద్ధాలు కావు. గ్రీస్ ఓటమి నిజం, చెల్సీలో కప్పు రాకపోవడమూ నిజం. గెలుపు వచ్చిందని పాత వాదన మూర్ఖత్వం అయిపోదు. వాళ్ళు తూచింది సరిగ్గానే తూచారు, కాకపోతే మనిషి ఒక్కణ్నే తక్కెడలో పెట్టారు.

మాంచెస్టర్ యునైటెడ్ కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 1986 నవంబరులో వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్‌కు మొదటి కప్పు 1990లో గానీ దక్కలేదు. అంతకు ముందు డిసెంబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, మూడేళ్ళుగా సాకులు వింటున్నాం, ఇక వెళ్ళిరా అని అభిమానులే బ్యానర్ ఎత్తారు. అదే మనిషి 13 లీగ్ టైటిళ్ళు గెలిచి, 2013 మేలో అదే మైదానంలో మైకు పట్టుకుని, కష్టకాలంలో క్లబ్ నాకు అండగా నిలిచింది, ఇప్పుడు కొత్త మేనేజర్‌కు మీరు అండగా నిలవండి అని కోరాడు. కొత్త మేనేజర్ డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ళ ఒప్పందం రాసిచ్చారు. ఆయన ఎవర్టన్ నుంచి తన సహాయకుల్ని తెచ్చుకున్నాడు. ఫెర్గూసన్ పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన మైక్ ఫీలన్, రెనే మ్యూలెన్‌స్టీన్, గోల్‌కీపింగ్ కోచ్ ఎరిక్ స్టీల్ వెళ్ళిపోయారు. క్లబ్ వ్యవహారాలు నడిపిన డేవిడ్ గిల్ కూడా అదే వేసవిలో తప్పుకున్నాడు. ఇల్లు ఖాళీ అయ్యాక ఒక్క మనిషి చేతికి తాళాలిచ్చారు. 2014 ఏప్రిల్ 22న, పది నెలలైనా నిండకుండానే, మోయెస్‌ను పంపించేశారు. అభిమానులు ఆయన వ్యూహాన్నీ ముఖకవళికల్నీ నెలల తరబడి చీల్చి చెండాడారు. వెళ్ళిపోయిన ఆ ముగ్గురు కోచ్‌ల గురించి అంత కోపంగా మాట్లాడినవాళ్ళు నాకు తగల్లేదు.

అప్పటి నుంచి పాత కథలన్నీ నాకు వేరేగా కనిపిస్తున్నాయి. 1996లో జపాన్ నుంచి వచ్చిన ఆర్సెన్ వెంగర్ ఎవరో లండన్‌లో చాలామందికి తెలియదు. ఆయన ఆర్సెనల్ ఆటగాళ్ళ కంచాల్లో తిండి మార్చాడు. టోనీ ఆడమ్స్, లీ డిక్సన్, నైజెల్ వింటర్‌బర్న్‌ల రక్షణ వరసను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాడు. 1998లో లీగ్, ఎఫ్ఏ కప్పు రెండూ వచ్చాయి. 1974లో లీడ్స్‌కు వెళ్ళిన బ్రయాన్ క్లఫ్ చాంపియన్లైన ఆటగాళ్ళతో మీ పతకాలు చెత్తబుట్టలో పారేయండి అన్నాడు. అక్కడ 44 రోజులే నిలిచాడు. ఆ లీడ్స్‌లో ఆయన పక్కన పాత సహాయకుడు పీటర్ టేలర్ లేడు. టేలర్ మళ్ళీ కలిశాక, క్లఫ్ నడిపిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 1979, 1980ల్లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు వచ్చాయి.

మా ఊరి క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి తలచుకుంటే నా మనసు ఇప్పటికీ చివుక్కుమంటుంది. 2020లో కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్ళిపోతే, మనోలో మార్కెస్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ళను నమ్ముకున్నాడు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు తెచ్చాడు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. మేనేజర్ మంచివాడా కాడా అని గొంతు చించుకోవడం ఎంత భాగ్యమో, వాదించడానికి క్లబ్బే లేనివాళ్ళను అడిగితే చెబుతారు. అందుకే అభిమానుల గొడవను పనిలేనివాళ్ళ రభస అంటే నేను ఒప్పుకోను. యజమానులు మారతారు, కోచ్‌లు మారతారు. ఊరి మీద ప్రేమతో ప్రతి నియామకాన్నీ గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు వాళ్ళే మిగులుతారు.

లెస్టర్ కథకు రెండో సగం కూడా ఉంది. 2016 వేసవిలో కాంటే చెల్సీకి, వాల్ష్ ఎవర్టన్‌కు వెళ్ళిపోయారు. 2017 ఫిబ్రవరి 23న, కప్పు గెలిచి ఏడాదైనా తిరక్కముందే, రానియేరికీ ఉద్వాసన పలికారు. మనిషి మారలేదు, పక్కనున్నవాళ్ళు మారారు.

ఇప్పుడు ఎక్కడ కొత్త మేనేజర్ వచ్చినా మావాళ్ళు నా అభిప్రాయం అడుగుతారు. సహాయకుల్లో ఎవరు ఉంటున్నారు, ఎవరు వెళ్తున్నారు, ఆటగాళ్ళను వెతికేది ఎవరు అని నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. 2025 జనవరిలో మోయెస్ తన పాత ఎవర్టన్‌కు తిరిగొచ్చినప్పుడు కూడా అవే అడిగాను. "యునైటెడ్‌ల ఏం చేసిండో చూసినం కదరా" అన్నాడు మా వాడొకడు. చూశాం, నిజమే. వెస్ట్ హామ్‌కు 2023లో యూరప్ కప్పు గెలిపించిందీ చూశాం. ఆయన చేరేనాటికి 16వ స్థానంలో ఉన్న ఎవర్టన్ ఆ సీజన్‌ను 13వ స్థానంలో ముగించింది.