జీతము మాని బిల్లు వ్రాయుట

2023వ సంవత్సరపు వేసవిలో మేము హైదరాబాదులోని కొలువు మాని, అమెరికాలోని యొక కంపెనీకి స్వతంత్రముగా కంప్యూటరు పని చేసిపెట్టుటకు ఒప్పుకొంటిమి. ఈ మాట విని మా తండ్రిగారు, "అట్లయిన నీవు ఉద్యోగివా, వ్యాపారివా?" యని యడిగిరి. నవ్వితిమే గాని యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్ననే తరువాత బ్యాంకువారును అడిగిరి.

ఒడంబడికలో నుత్తరము స్పష్టముగానే యుండెను. మేము వారి యుద్యోగులము కాము. అనగా ప్రావిడెంటు ఫండు లేదు, గ్రాట్యుయిటీ లేదు, జ్వరము వచ్చిన దినమునకు కూలి లేదు. కాలిఫోర్నియాలో ప్రొద్దుట తొమ్మిదియైనపుడు మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలమున పదిన్నర. ఆ గంట యెక్కడికి పోయినదని మా అమ్మగారు నవంబరు రాగానే యడుగుదురు.

వారి దేశమున పన్ను పట్టుకొనకుండుటకై డబ్ల్యూ-8బెన్ అను పత్రముపై సంతకము చేసి పంపితిమి. పని భారతదేశములో జరుగుచున్నది గనుక ఆ యాదాయము అమెరికాలో పుట్టినది కాదని వారి న్యాయము. ఇచ్చట జి.ఎస్.టి.లో నమోదై, యేటేట ముందుగా నొక పూచీపత్రము దాఖలు చేసినచో ఎగుమతియైన సేవపై సుంకము కట్టనక్కరలేదు. నౌక యెక్కని యెగుమతి! మా పని సాంకేతిక సలహా క్రిందికి వచ్చునని ఆడిటరుగారు చెప్పగా, ఆ యేడు రాబడిలో సగమును లాభముగా చూపి పన్ను కట్టితిమి. అదంతయు మార్చి 15వ తేదీలోపల చెల్లింపవలసియుండెను.

ఇవి యెవరైనను నేర్చుకొనగలవే. మేము చెడినది వేరొక చోట. పాత కొలువులోని సామూహిక ఆరోగ్యబీమా మా తల్లిదండ్రులకు గూడ వర్తించుచుండెను. కొలువుతోనే యదియు పోయెను. ముందుగా అడిగియున్నచో అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారి, గడచిన యేండ్లను లెక్కకు వేయించుకొనుటకు వీలుండెనట. కచేరివారు చెప్పలేదు, మేమడుగలేదు. ఇంటి లెక్క వ్రాయు మా సహధర్మిణి తప్పక అడిగియుండెడిది. కాని యామెకు మేము సంతకము చేసిన పిమ్మటనే చెప్పితిమి. ఇంటిలోనివారి కూడును మందును మార్చు కాగితమును ఇంటిలో చదివి వినిపింపకయే సంతకము చేయుట మన మగవారికి అలవాటైన పని. చదువుకొన్నవారమైనను మేమును దానికి తప్పలేదు.

క్రొత్త పాలసీవారు ముందునుండియున్న జబ్బులకు మూడేండ్లు ఆగుమనిరి. తండ్రిగారి గుండె నాలుగు నెలలే యాగినది. స్టెంటు వేయించుటకైన సొమ్మంతయు మా చేతినుండియే పోయెను. ఆసుపత్రిలో గడపిన దినములకు బిల్లు వ్రాయలేదు గనుక ఆ సొమ్మును రాలేదు. మంచముపైనుండి ఆయన, "మీ కంపెనీవారికి నా సంగతి తెలుసునా?" యని యడిగిరి. తెలియదంటిమి. నిజమునకు, చెప్పుటకు మాకే వెరపు కలిగెను. పదునైదు దినముల నోటీసుతో ముగియు ఒడంబడిక యది.

ఇప్పుడు వచ్చిన ప్రతి బిల్లు సొమ్ములో మూడవ వంతును మా సహధర్మిణి వేరొక ఖాతాకు మార్చుచున్నది. క్రొత్త కాగితమేది వచ్చినను మొదట నామెయే చదువును. తండ్రిగారు కోలుకొని, నెల మొదటి తేదీని "జీతము పడినదా?" యని యడుగుచునే యున్నారు. బిల్లు పంపి ముప్పది దినములు ఆగవలెనని వివరించుట మాని, పడినదనియే చెప్పుచున్నాము.