సవూటీ సింహాలు

మన కవుల సింహం ఎప్పుడూ ఏనుగు కుంభస్థలం మీదికే దూకుతుంది. బోట్స్వానా దేశపు చోబే అరణ్యంలో, సవూటీ అనేచోట, సింహాలు నిజంగానే ఏనుగులను కూలుస్తాయి. కాని కుంభస్థలం జోలికి పోవు. తొండమూ దంతాలూ ఉన్న వైపుకు తెలిసి తెలిసి ఎవరు పోతారు?

1982లో ఎండిపోయిన సవూటీ ఏరు 2010 దాకా మళ్ళీ పారలేదు. ఆ నడుమ వానల్లేని నెలల్లో ఏనుగులకు దిక్కు పంపులతో నింపిన నీటిగుంటలే. దప్పికతో ఆమడలు నడిచివచ్చిన మంద, నీటి వాసన తగలగానే పరుగందుకునేది. చంటిపిల్లలు తల్లుల కాళ్ళసందునే ఉండేవి. చిక్కల్లా నాలుగేళ్ళు దాటి, తల్లికి కాస్త ఎడంగా నడిచే వాటితోనే.

వేట రాత్రిపూటే, చీకట్లో ఏనుగు కంటే సింహం చూపు నయం. ఒకటి వెనకనుంచి వీపెక్కి వెన్ను కొరుకుతుంది. తక్కినవి తొడలు కరుచుకుని వేలాడతాయి. ఆ బరువుకు గున్న చతికిలబడుతుంది. 1993-96 సంవత్సరాలలో ఉత్తర బోట్స్వానాలో ఇలా పడిన ఏనుగులు 74 అని, రాత్రుళ్ళు కాపువేసి చూసిన డెరెక్ జూబేర్ లెక్క తేల్చాడు.

గున్న ఘీంకారం విని మంద వెనుదిరిగిందా, మృగరాజుల పరుగు చూడాలి! దూరం మాత్రం పోవు. కాస్త అవతల, పొదల చాటున, చీకట్లో కూర్చుంటాయి.