సౌత్‌బెండులోని పాతబండి

గడచిన వేసవి సెలవులలో మేమును మావారును అమెరికాలోని మా మఱదిగారి యింటికి వెళ్లితిమి. అచట ఇండియానా రాష్ట్రమున, సెయింట్ జోసెఫ్ నదియొడ్డున, సౌత్‌బెండను పట్టణము గలదు. 1852లో స్టూడిబేకరు సోదరు లిరువు రందు కమ్మరికొలిమి పెట్టిరి. గుఱ్ఱపుబండ్లతో కీర్తి గడించిన ఆ సంస్థ 1902లో విద్యుచ్ఛక్తితో నడచు బండ్లను, పిదప పెట్రోలు బండ్లను చేసెను. 1963 డిసెంబరులో అచటి కర్మాగారము మూతపడెను. ఆ బండ్ల నిపుడు మ్యూజియమునందు చూడవచ్చును.

మ్యూజియము చూచి మరలుచుండగా మఱదిగారు మమ్మొక పల్లెకు గొనిపోయిరి. అందొక వృద్ధురాలి కొట్టములో 1960వ సంవత్సరపు లార్కు బండి యుండెను. లార్కనగా భరతపక్షి. పాపము, ఆ పక్షి యెగిరి యెన్నియేండ్లయ్యెనో! సీటులో ఎలుకలు గూడు కట్టినవి. టైర్లు బీటలు వాఱినవి. వెల పదునెనిమిది వందల డాలర్లు. రెండు తలుపుల బండ్లను, కప్పు మడుచుబండ్లను వేడుకకాండ్రు ఎగబడి కొందురు. నాలుగు తలుపుల సంసారపక్షపు బండి కంత గిరాకి లేదు. అందుకే యీ చౌక.

"అక్కా, ఇంటికప్పు కాఱుచుండగా నీ తుక్కేల?" అని మా తోడికోడలు కన్నులు చెమర్చుకొనెను. ఆమె మాట న్యాయమే. కొన్నవెల మొదటి మెట్టు మాత్రమే. బ్రేకులు, పెట్రోలు గొట్టములు, టైర్లు బాగుచేయక అట్టి బండి బాట కెక్కరాదు. పైగా ఆ దేశమున మంచు కరగుటకై బాటలపై జల్లు ఉప్పు ఇనుమును తినివేయును. మఱదిగారు బండిక్రింద పరుండి, దీపము పట్టి, చట్రమంతయు తట్టి చూచిరి. గట్టిగానే యుండెను. ఇంజను చేతితో త్రిప్పగా తిరిగెను.

"మావా రా కర్మాగారములోనే పనిచేసిరి. దీనిని ముక్కలుగా నమ్మనని మాట యిండు, రెండువందలు తగ్గింతును" అని వృద్ధురాలు పలికెను.

మాకు పుట్టినింటి గూడుబండి జ్ఞప్తికి వచ్చెను. నాయనగారు పోయిన పిమ్మట దానిని చెదలకు విడిచి, తుదకు వంటచెఱకు చేసితిమి. ఆ సంగతి తోడికోడలికి జెప్పితిమి. ఆమె కొంతసే పాలోచించి, "మొదట ఇంటికప్పు, పిదప బండి. నెలకింతయని నేనే యిచ్చెదను, లెక్క నాచేత నుండవలెను" అనెను. మఱదిగారు తలయూచిరి.

బేరము కుదిరెను. హక్కుపత్రముపై పేరును, బండి సంఖ్యను సరిచూచుకొనిరి. బండిని లారీపై నెక్కించుచుండగా వృద్ధురాలు దాని తలుపు నొకసారి నిమిరి, మాటలాడక లోనికేగెను.

పాతవస్తువు కొనుట తప్పుగాదు. అడుగు చూచి, పత్రము చూచి, ఇల్లాలి లెక్క చూచి కొనవలెను.